రసీదు ఉంది, సొమ్ము ఉందా?



తెలుగు మీడియంలో ఇంటర్ చదివినవాళ్లకూ, గ్రూప్స్ పరీక్షలకు కూర్చున్నవాళ్లకూ తెలుగు అకాడమీ ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. పై చదువులు కూడా తెలుగులో చదువుకునే వీలుండాలని 1968లో పెట్టిన సంస్థ అది. పి.వి.నరసింహారావు గారు దానికి తొలి అధ్యక్షులు. పల్లెటూరి ప్రభుత్వ కళాశాలలో చదివిన పిల్లలకు తక్కువ ధరకు దొరికే మంచి పుస్తకమంటే చాలా ఏళ్లపాటు అకాడమీ పుస్తకమే. ఆ సంస్థ తన దగ్గరున్న సొమ్మును బ్యాంకుల్లో ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా దాచుకుంది. 2021లో, రాష్ట్ర విభజన తర్వాత ఆస్తుల పంపకానికని ఆ డిపాజిట్లు వెనక్కి తీసుకోబోతే, 60 కోట్ల రూపాయలకు పైగా సొమ్ము బ్యాంకుల్లో లేదని తేలింది. గడువు తీరకముందే నకిలీ పత్రాలతో డిపాజిట్లు రద్దు చేయించి, సొమ్మును వేరే ఖాతాల్లోకి మళ్లించి, అక్కడి నుంచి నగదుగా తీసుకుపోయారని హైదరాబాద్ పోలీసులు చెప్పారు. అరెస్టులు జరిగాయి. ఆ తర్వాత ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ కూడా రంగంలోకి దిగింది.

ఎవరు దోషులన్నది కోర్టులు తేల్చాల్సిన సంగతి. నేను మాట్లాడదలచుకున్నది లెక్కల సంగతి. సొమ్ము పోవడం ఒక విషయం. పోయినట్టు ఎప్పుడు తెలిసింది, ఎలా తెలిసింది అన్నది ఇంకో విషయం. పంపకాల అవసరం రాబట్టి తెలిసింది. ఆ అవసరం ఇంకా ఆలస్యంగా వచ్చి ఉంటే, తెలియడమూ అంతే ఆలస్యమయ్యేదేమో అన్న ఆలోచన నన్ను చాలాకాలం వదల్లేదు. ప్రభుత్వ సంస్థల ఆడిట్ గురించి ఈరోజు నేను చెప్పేదంతా ఆ ఒక్క ఆలోచన చుట్టూనే తిరుగుతుంది.

ఒక సంస్థ ఆస్తి అప్పుల పట్టీలో ఫిక్స్‌డ్ డిపాజిట్లు అని ఒక పద్దు, దానికెదురుగా ఒక అంకె ఉంటాయి. ఆడిటర్ వచ్చి, ఆ అంకెకు ఆధారం చూపించమంటారు. గుమస్తా ఫైలు తెస్తాడు. అందులో డిపాజిట్ రసీదులు వరుసగా కుట్టి ఉంటాయి. బ్యాంకు పేరు, మొత్తం, వడ్డీ రేటు, గడువు తేదీ, సంతకం, ముద్ర అన్నీ ఉంటాయి. కూడితే పట్టీలో ఉన్న అంకెకు సరిపోతుంది. అక్కడ టిక్కు పెట్టి పేజీ తిప్పేస్తే ఆ ఆడిట్‌కు అర్థం లేదు. ఎందుకంటే రసీదు కాగితం మాత్రమే. సొమ్ము బ్యాంకులో ఉందో లేదో చెప్పగలిగేది బ్యాంకు. అందుకే ఆడిట్ ప్రమాణాల్లో 505వ ప్రమాణం ప్రత్యేకంగా దీని గురించే ఉంది. ఆడిటర్ బయటివాళ్ల నుంచి నేరుగా ధ్రువీకరణ తెప్పించుకోవాలి. ఇక్కడ ‘నేరుగా’ అన్న మాట చాలా ముఖ్యం. బ్యాంకుకు వెళ్లే ఉత్తరం ఆడిటర్ చేతుల మీదుగా పోస్టులో పడాలి. బ్యాంకు చిరునామా రసీదు మీద ఉన్నది చూసి కాకుండా, వేరే చోట సరిచూసుకుని రాయాలి. జవాబు ఆడిటర్ చిరునామాకే రావాలి. ‘సార్, మీకెందుకు శ్రమ, మావాడు రేపు బ్యాంకుకు వెళ్తున్నాడు, వాడి చేత తెప్పిస్తాను’ అని ఆఫీసులో ఎవరైనా మర్యాదగా అంటారు. చాలావరకు అది నిజంగా మర్యాదే. అయినా ఒప్పుకోకూడదు. మధ్యలో ఒక చెయ్యి దూరిందంటే ఆ ధ్రువీకరణ కూడా ఇంకో కాగితమే అవుతుంది.

ఇదంతా ఆడిటర్ సంవత్సరానికి ఒకసారి వచ్చి చేసే పని. మిగతా రోజుల సంగతేమిటి? అదే అంతర్గత నియంత్రణ. డిపాజిట్ వేయాలని నిర్ణయించేవారు ఒకరు. బ్యాంకుతో ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపేవారు ఇంకొకరు. రసీదులు ఇనప్పెట్టెలో పెట్టి తాళం చెవి దగ్గర పెట్టుకునేవారు మరొకరు. డిపాజిట్ రిజిస్టరులో గడువు తేదీలు, వడ్డీ జమలు రాసేవారు వేరొకరు. నెల నెలా ఆ రిజిస్టరును బ్యాంకు స్టేట్‌మెంటుతో పోల్చి చూసేవారు వీళ్లెవరూ కాని మనిషి. ఈ పనులన్నీ ఒకే బల్ల దగ్గర చేరితే, ఆ బల్ల దగ్గర కూర్చున్న మనిషి ఎంత నిజాయితీపరుడైనా ఏర్పాటు మాత్రం చెడ్డదే. పనులు విడదీయడమంటే ఆ మనిషిని అనుమానించడం కాదు. రేపు ఏదైనా తేడా వస్తే అతని మీద నింద పడకుండా కాపాడేది కూడా ఈ విభజనే.

ఇది ఇంగ్లిషు వాళ్లు నేర్పిన విద్య అనుకుంటారు చాలామంది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో రెండో అధికరణం తీసి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అధికారులు సర్కారు సొమ్ము కాజేసే పద్ధతులు నలభై రకాలని అక్కడ లెక్కపెట్టి చెప్పారు. అది చాలామంది చెబుతూనే ఉంటారు. నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది ఇంకొకటి. ఏటా ఆషాఢ మాసంలో లెక్కలవాళ్లంతా తమ తమ పుస్తకాలకు ముద్రలు వేసుకుని, మిగిలిన సొమ్ముతో రాజధానికి రావాలి. వచ్చినవాళ్లను తనిఖీ అయ్యేదాకా ఒకరితో ఒకరు మాట్లాడుకోనివ్వకూడదు. ముద్ర వేసిన పుస్తకం, లెక్కతో పాటే సొమ్ము, మాట్లాడుకునే వీలు లేకపోవడం. ఈ మూడింటిలోనే ఇవాళ్టి ఆడిట్ పాఠ్యపుస్తకం సగం ఉంది.

మన కాలానికి వద్దాం. రాజ్యాంగం 148వ అధికరణం నుంచి 151 వరకు కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ గురించి చెబుతుంది. అందరం కాగ్ అంటాం. ఆ పదవిలో ఉన్నవారిని తొలగించాలంటే సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తొలగించినంత పద్ధతీ జరగాలి. పదవీకాలం 6 ఏళ్లు, లేదా 65 ఏళ్ల వయసు వచ్చేదాకా, ఏది ముందైతే అది. రాజ్యాంగ సభలో అంబేడ్కర్ ఈ పదవి గురించి మాట్లాడుతూ, రాజ్యాంగంలో దీనంత ముఖ్యమైన అధికారి బహుశా ఇంకొకరు లేరన్నారు. న్యాయస్థానాల పని కంటే ఈయన పని పెద్దదన్నంత వరకు వెళ్లారు. 2024 నవంబరు నుంచి ఆ కుర్చీలో ఉన్న కె.సంజయ్ మూర్తి గారు తెలుగువారు, అమలాపురం మూలాలున్నవారు. పంచాయతీలు, మున్సిపాలిటీల వంటి స్థానిక సంస్థల లెక్కలు మన రెండు రాష్ట్రాల్లోనూ స్టేట్ ఆడిట్ శాఖ చూస్తుంది. పాతతరం వాళ్లు దాన్ని ఇప్పటికీ లోకల్ ఫండ్ ఆడిట్ అనే అంటారు.

సంస్థల పేర్లు ఇంతటితో చాలు. ఒక బిల్లు వెంట నడుద్దాం, పని ఎలా జరుగుతుందో అప్పుడు తెలుస్తుంది.

ఒక సంక్షేమ హాస్టల్‌కు దుప్పట్లు కొన్నారనుకోండి. వార్డెన్ ఇన్ని కావాలని ఇండెంటు పెడతారు. పై అధికారి మంజూరు ఉత్తర్వు ఇస్తారు. కొటేషన్లు గానీ టెండరు గానీ పిలుస్తారు. సరఫరా ఆర్డరు వెళుతుంది. సరుకు వస్తుంది, లెక్కపెట్టి స్టాక్ రిజిస్టరులో రాస్తారు. ఫలానా పేజీలో రాశామని బిల్లు మీద ధ్రువీకరిస్తారు. డ్రాయింగ్ అండ్ డిస్బర్సింగ్ ఆఫీసర్, అంటే డి.డి.ఓ., సంతకం పెడతారు. బిల్లు ట్రెజరీకి వెళుతుంది. కేటాయింపు ఉందా, పద్దు సరైనదేనా, సంతకం నమూనాతో కలుస్తోందా చూసి ట్రెజరీ పాస్ చేస్తుంది. సొమ్ము సరఫరాదారు ఖాతాలో పడుతుంది. ఆ లావాదేవీ ఆఫీసు పుస్తకాల్లోనూ, ట్రెజరీ లెక్కలోనూ, చివరికి అకౌంటెంట్ జనరల్ తయారుచేసే రాష్ట్ర లెక్కల్లోనూ చేరుతుంది. నెల తిరిగేసరికి డి.డి.ఓ. తన అంకెను ట్రెజరీ అంకెతో సరిపోల్చుకోవాలి. ఒక్క దుప్పటి కొనడానికి ఇంత తతంగమా అని విసుక్కునేవాళ్లున్నారు. ఆ తతంగంలో ఒక్కొక్క మెట్టు దగ్గరా ‘ఆగు, ఇది సరిగ్గా లేదు’ అనగలిగిన మనిషి ఒకరున్నారు. ఆ మనిషి నిజంగా కాగితం చదివి సంతకం పెట్టాడా, పైవాడు పెట్టాడు కదా అని తనూ పెట్టాడా అన్నదే తేడా.

ఆడిటర్ ఈ దారిని వెనక నుంచి ముందుకు తవ్వుతాడు. చెల్లింపు నుంచి మొదలుపెట్టి బిల్లుకు, బిల్లు నుంచి స్టాక్ రిజిస్టరుకు, రిజిస్టరు నుంచి స్టోరు గదికి. గది తలుపు తీయించి దుప్పట్లు లెక్కపెట్టాలి. కొత్త దుప్పట్లు ఎప్పుడిచ్చారని పిల్లలను అడగాలి. మొత్తం ఆడిట్‌లో అంతకంటే గట్టి సాక్ష్యం దొరకదు. కాగితాల దగ్గర కూడా చూసే కన్నుంటే చాలా కనిపిస్తుంది. ముగ్గురు వేర్వేరు వ్యాపారులిచ్చిన మూడు కొటేషన్లలో ఒకే అక్షరదోషం ఉందనుకోండి, మూడూ ఒకచోటే తయారయ్యాయి. మార్చిలో ఇచ్చిన ఇన్‌వాయిస్ నంబరు 41, జూన్‌లో ఇచ్చినది 42, సెప్టెంబరులో ఇచ్చినది 43 అయితే, ఈ మధ్యకాలంలో ఆ దుకాణానికి ఈ ఆఫీసు తప్ప ఇంకో బేరమే లేదని అర్థం. అది నిజంగా దుకాణమేనా అని వెళ్లి చూడాలి. ఒకే తేదీన, ఒకే సరుకుకు, టెండరు పరిమితికి కాస్త తక్కువగా నాలుగు ఆర్డర్లు ఇచ్చి ఉంటే, టెండరు తప్పించడానికే కొనుగోలును ముక్కలు చేశారు. ఇవన్నీ పుస్తకాల్లో అంకెలు అణా పైసలతో సహా సరిపోయినప్పుడే దొరుకుతాయి. సరిపోని లెక్కను చిన్నపిల్లాడైనా పట్టుకుంటాడు. చక్కగా సరిపోయిన దొంగ లెక్కను పట్టుకోవడానికే ఆడిటర్ కావాలి.

మెట్లన్నీ కాగితం మీద ఉండి, ఒక్కటీ పనిచేయకపోతే ఏమవుతుందో దేశం మొత్తం బీహార్‌లో చూసింది. పశుసంవర్ధక శాఖలో పశువుల దాణా, మందులు, పరికరాల పేరుతో ఏళ్ల తరబడి ట్రెజరీల నుంచి సొమ్ము తీశారు. మొత్తం 950 కోట్ల దాకా ఉంటుందని అంచనా. ఆ రోజుల్లో అది ఊహకందని సొమ్ము. 1996 జనవరిలో చైబాసాలో, ఇప్పుడది జార్ఖండ్‌లో ఉంది, అప్పటి డిప్యూటీ కమిషనర్ అమిత్ ఖరే పశుసంవర్ధక శాఖ కార్యాలయాల మీద దాడి చేయడంతో వ్యవహారం బయటపడింది. ఆయనకు అనుమానం ఎక్కడ పుట్టిందో చూడండి. ఆ శాఖ తన జిల్లా ట్రెజరీ నుంచి నెల నెలా తీస్తున్న మొత్తాలు కేటాయింపుతో పొంతన లేకుండా ఉన్నాయి. అంతే. రహస్య సమాచారం అక్కర్లేదు, గూఢచారి అక్కర్లేదు. రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

చైబాసా ట్రెజరీకి సంబంధించి 2018 జనవరిలో తీర్పు వచ్చిన కేసులో, 1992-93లో మంజూరైనది 7 లక్షల చిల్లర. నకిలీ కేటాయింపు లేఖలతో తీసినది 33 కోట్లకు పైగా. శ్రోతలు ఒక్క క్షణం ఈ రెండు అంకెలనూ మనసులో పెట్టుకోండి. కేటాయింపు చూడకుండా బిల్లు పాస్ చేయకూడదన్నది ట్రెజరీ పనిలో మొట్టమొదటి పాఠం. ఖర్చును బడ్జెట్‌తో నెల నెలా పోల్చుకోవడం శాఖాధిపతి బాధ్యత. ఆ పోలిక ఆర్థిక శాఖ కూడా చేయాలి. అకౌంటెంట్ జనరల్ లెక్కల్లోనూ అది కనబడుతుంది. ఇన్ని చోట్ల ఆగాల్సిన బిల్లు ఎక్కడా ఆగలేదు. దర్యాప్తులో తేలిన ఇంకో సంగతి జనం నోళ్లలో బాగా నానింది. పశువులనూ దాణానూ మోసిన లారీలంటూ బిల్లుల్లో రాసిన రిజిస్ట్రేషన్ నంబర్లు కొన్ని స్కూటర్లవి, కార్లవి. రవాణా కార్యాలయంలో ఒక్క నంబరు అడిగి తెలుసుకుంటే బయటపడేది. కంచే చేను మేసిందని అప్పుడు అందరూ అన్నారు. మాట నిజమే. కానీ చేను మేసిన కంచెతో పాటు, అటు చూసి కూడా ముఖం తిప్పుకున్న కాపలాదారులు ఎందరు ఉన్నారో కూడా ఆ లెక్కల్లోనే రాసి ఉంది. రాజకీయ నాయకులకు శిక్షలు పడ్డాయి, అధికారులకు పడ్డాయి, సరఫరాదారులకు పడ్డాయి. మొదటి పెద్ద తీర్పు రావడానికి 2013 దాకా పట్టింది. నియంత్రణ పనిచేసి ఉంటే మొదటి నెలలో, మొదటి బిల్లు దగ్గర ఆగేది.

అందుకే ప్రభుత్వ సంస్థ ఆడిట్‌లో ‘సొమ్ము పోయిందా’ అన్న ప్రశ్న రెండోది. ‘పోతే వెంటనే తెలిసే ఏర్పాటు మీ దగ్గర ఉందా’ అన్నది మొదటిది. ఈ మొదటి ప్రశ్న అడిగే పరీక్షకు మన దగ్గర దక్కాల్సిన గౌరవం దక్కడం లేదు. క్యాష్ బుక్‌లో 500 రూపాయల తేడా దొరికితే అందరూ ఉలిక్కిపడతారు. క్యాష్ బుక్‌ను ఆరు నెలలుగా అధికారి చూసి సంతకం పెట్టలేదని ఆడిటర్ రాస్తే, ‘అది ప్రొసీజరల్ ల్యాప్స్ లెండి, సరిచేస్తాం’ అని ఒక వాక్యంతో జవాబిచ్చి ఆ అభ్యంతరాన్ని, అంటే ఆడిట్ పేరాను, డ్రాప్ చేయమంటారు. నా దృష్టిలో ఆ 500 చిన్న సంగతి, ఆ సంతకం లేకపోవడం పెద్ద సంగతి.

ఇప్పుడు కంప్యూటర్లు వచ్చాయి, ఇక ఆ బెంగ లేదంటారు. కొంతవరకు నిజం. కేటాయింపు మించితే బిల్లును యంత్రమే వెనక్కి పంపుతుంది. చైబాసాలో జరిగినది అదే రూపంలో మళ్లీ జరగడం కష్టం. కానీ బిల్లు తయారుచేసే లాగిన్, దాన్ని పరిశీలించే లాగిన్, ఆమోదించే లాగిన్ వేర్వేరుగా ఉండాలని సాఫ్ట్‌వేర్‌లో ఎంత పకడ్బందీగా పెట్టినా, అధికారి తన డిజిటల్ సంతకం కీని, పాస్‌వర్డుతో సహా, జూనియర్ అసిస్టెంటు చేతికిచ్చి మీటింగుకు వెళ్లిపోతే మూడు లాగిన్లూ ఒకే మనిషివి అయిపోతాయి. ఆ కీ ఆయన చేవ్రాలుతో సమానం. ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టి ఇవ్వడానికి జంకే మనిషి, కీ ఇచ్చేటప్పుడు రెండోసారి ఆలోచించడు. ఇంకో మాట కూడా చెప్పాలి. ఇలాంటి చోట తప్పు జరిగితే మొదట సస్పెండయ్యేది ఆ చిన్న ఉద్యోగి. కీ ఇచ్చిన చేతి గురించి విచారణ అంత చురుగ్గా సాగదు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

ఆర్థిక నివేదికల సంగతికి వద్దాం. ప్రభుత్వం ఖర్చయిందని చూపించిన సొమ్ము నిజంగా ఖర్చయిందా? మార్చి నెలాఖరు వచ్చేసరికి ఆఫీసుల్లో ఎంత హడావుడో ఉద్యోగుల ఇళ్లలో అందరికీ తెలుసు. బడ్జెట్ మురిగిపోతుందని భయం. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు, ఏడాది చివర్లో ఖర్చు ఒక్కసారిగా పెంచడాన్ని ఆర్థిక మర్యాద తప్పడంగానే చూస్తాయి. అయినా సొమ్మును తీసి పర్సనల్ డిపాజిట్ ఖాతాలో, అదే పి.డి. ఖాతాలో, వేసేస్తారు. లెక్కల్లో అది ఆ ఏడాది ఖర్చు. నిజానికి దాంతో ఒక్క ఇటుక కొనలేదు, ఒక్క మాత్ర కొనలేదు. అలాగే అత్యవసరానికని ఓచర్లు లేకుండా తీసే ఎ.సి. బిల్లు ఒకటుంది. తర్వాత ఓచర్లన్నీ జతచేసి డి.సి. బిల్లు పెట్టాలి. పెట్టేదాకా ఆ సొమ్ము ఏమైందో లెక్కకు తెలియదు. గ్రాంటు తీసుకున్న సంస్థ వినియోగ ధ్రువపత్రం, యు.సి., ఇవ్వకపోయినా అంతే. మన రెండు తెలుగు రాష్ట్రాల ఆర్థిక వ్యవహారాలపై కాగ్ ఇచ్చే నివేదికలు తిరగేస్తే పి.డి. ఖాతాలు, బడ్జెట్ బయటి అప్పులు, శాసనసభ ఆమోదాన్ని మించి చేసిన ఖర్చు పదే పదే కనబడతాయి. పార్టీలు మారాయి, ముఖ్యమంత్రులు మారారు, ఆ పేరాలు మాత్రం కొనసాగుతున్నాయి. ఏ పార్టీ అభిమాని అయినా ఈ ఒక్క విషయంలో ఎదుటివారిని వేలెత్తి చూపే ముందు తమవారి నివేదికలు కూడా చదవాలి.

ఆమోదం మించిన ఖర్చు అన్నాను. అది మంచి పనికే పెట్టారు కదా, అందులో తప్పేమిటి అని అడుగుతారు. ఈ ప్రశ్న మనకు కొత్త కాదు. పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న, అదే మన రామదాసు, సర్కారు శిస్తు సొమ్ముతో భద్రాచలంలో రాముడి గుడి కట్టించారని, అందుకు గోల్కొండ సుల్తాను తానీషా చెరసాలలో పెట్టించాడని మనం తరతరాలుగా చెప్పుకుంటున్నాం. ఆయన భక్తికి తెలుగుజాతి అంతా చేతులెత్తి మొక్కుతుంది, నేనూ మొక్కుతాను. ఆ కథలోనే ఇంకో సంగతీ ఉంది. చివరికి ఆ సొమ్ము ఖజానాకు తిరిగి జమ అయింది, రసీదు చేతికొచ్చింది. కథ చెప్పిన మన పెద్దలు కూడా బాకీ తీరకుండా రామదాసును విడిపించలేదు. సొమ్ము ప్రజలది అయినప్పుడు ఖర్చు మంచిదా కాదా అన్నదొక్కటే సరిపోదు. పెట్టడానికి అధికారం ఎవరిచ్చారన్న ప్రశ్నకూ జవాబుండాలి. మన కాలంలో ఆ అధికారం శాసనసభది. 205వ అధికరణం ప్రకారం, మించిన ఖర్చును సభ ముందు పెట్టి ఆమోదం తీసుకోవాలి. అది ఏళ్ల తరబడి పెండింగ్‌లో పడి ఉండటం సభను అగౌరవపరచడమే.

ధనిక దేశాల్లో ఇవన్నీ చక్కగా ఉంటాయని అనుకోవద్దు. అమెరికా రక్షణ శాఖ మీద మొదటిసారి పూర్తిస్థాయి ఆడిట్ 2018లో జరిగింది. అప్పటినుంచి 2024 దాకా ఏటా ఆడిటర్లు చెప్పింది ఒకటే: ఈ లెక్కల మీద అభిప్రాయం ఇవ్వడానికి కావలసినన్ని ఆధారాలు మాకు దొరకలేదు. అక్కడి సైనిక దళాల్లో ఒక్క మెరైన్ కోర్ మాత్రం 2023 ఆర్థిక సంవత్సరానికి స్వచ్ఛమైన అభిప్రాయం సంపాదించుకుంది. గోదాముల్లో విడిభాగాలు ఎన్ని ఉన్నాయో లెక్క తేల్చుకోవడానికే అక్కడివాళ్లు ఏళ్లు కష్టపడ్డారు. అక్కడి పద్ధతిలో నాకు నచ్చినది ఇదొక్కటే: తప్పామని ఏటా బహిరంగంగా చెప్పుకోవడం ఆగలేదు.

ఇక్కడ ఆడిట్ నివేదిక సభలో పెట్టాక ఏమవుతుంది? పబ్లిక్ అకౌంట్స్ కమిటీకి వెళుతుంది. పార్లమెంటులో ఆ కమిటీకి 1967 నుంచి ప్రతిపక్ష సభ్యులే అధ్యక్షులుగా ఉండటం సంప్రదాయం. మంచి సంప్రదాయం. కానీ రాష్ట్రాల్లో నివేదికలు చాలాసార్లు సభకు వచ్చేదే సమావేశాల ఆఖరి రోజున. మర్నాడు పత్రికల్లో రెండు కాలాల వార్త వస్తుంది. మూడోనాటికి అంతా మర్చిపోతారు. ఆడిటర్లు నెలల తరబడి ఊళ్లు తిరిగి, బీరువాలు దులిపి, స్టోరు గదుల్లో లెక్కపెట్టి రాసిన నివేదికకు దక్కే ఆయుష్షు అది. ఇది మారాలంటే చదివేవాళ్లు పెరగాలి. వేరే దారి లేదు.

చదివేవాళ్లు పెరిగితే ఏమవుతుందో చూసిన నేల కూడా మనదే. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఉపాధి హామీ చట్టంలో 17వ సెక్షన్ సామాజిక తనిఖీ గురించి చెప్పింది. దేశంలో చాలా రాష్ట్రాలు దాన్ని పుస్తకంలో వదిలేస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఊరూరా చేసి చూపించింది. ఊరి యువతీ యువకులకు శిక్షణ ఇచ్చి, వాళ్ల చేతికి మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, ఇచ్చారు. వాళ్లు ఇంటింటికీ తిరిగి, ‘అమ్మా, మీ పేరు మీద పన్నెండు రోజుల పని రాసి ఉంది, మీరు చేశారా? డబ్బులు అందాయా?’ అని అడిగారు. ఆ తర్వాత మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి, అధికారుల ముందు, కూలీల ముందు, మైకులో పేరు పేరునా చదివారు. ఊరు విడిచి వెళ్లిపోయిన మనిషి పేరున కూలి తీసిన సంగతి ఊరందరికీ తెలుసు. పై ఆఫీసులో కూర్చున్న ఆడిటర్‌కు అది తెలియడానికి నెలలు పడుతుంది. వేదికలో వెనక వరసలో కూర్చున్న ముసలమ్మ లేచి నిలబడి ఒక్క మాటలో చెబుతుంది. బ్యాంకు నుంచి నేరుగా ఉత్తరం తెప్పించుకోవాలని ఇందాక చెప్పానే, అదే సూత్రం ఇక్కడ మనుషుల మధ్య నడిచింది. దొరికిన సొమ్మంతా రాబట్టారా అంటే లేదు. రికవరీ ఎప్పుడూ దొరికినదానికంటే తక్కువే. అయినా, మస్టరులో రాసిన పేరును రేపు మైకులో చదువుతారన్న భయం ఒక నియంత్రణ. ఏ సాఫ్ట్‌వేరూ అంత బాగా పనిచేయదు.

ఇప్పుడు శ్రోతలను ఒకటి అడుగుతాను. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పెట్టిన షరతు ప్రకారం, స్థానిక సంస్థలు గ్రాంటు పొందాలంటే తమ లెక్కలను, ఆడిట్ అయిన లెక్కలతో సహా, ఆన్‌లైన్‌లో జనం చూసేలా పెట్టాల్సి ఉండేది. పంచాయతీల ఆడిట్ నివేదికల కోసం 2020 నుంచి ఆడిట్ ఆన్‌లైన్ అనే కేంద్ర పోర్టల్ ఉంది. ఫోను ఉన్న ఇంటర్ కుర్రవాడెవరైనా తెరిచి చూడగలడు. దొరక్కపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది. మీ ఊరి ఆడిట్ నివేదిక ఒక్కటి తెప్పించుకోండి. వేసినట్టు రాసిన వీధి దీపాలను లెక్కపెట్టండి. తవ్వినట్టు రాసిన కాలువ వెంట ఒకసారి నడవండి. తేడా ఉంటే వచ్చే గ్రామసభలో లేచి, ఆ పేరా నంబరు చెప్పి, దీనికి ఏం జవాబిచ్చారని అడగండి. జవాబు రాకపోతే దాని తర్వాతి గ్రామసభలో మళ్లీ అడగండి.